పోయొస్తామంటే వద్దన్న అవ్వ

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. మా ఊళ్లో చింతచెట్టు మీద దయ్యముందని అందరూ వణుకుతుంటే, ఆ చెట్టు కిందే కూర్చుని చింతకాయలు తిన్నదాన్ని నేను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఇంకా అంతుపట్టలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. మా అక్క లక్ష్మమ్మకు చూపు తగ్గిపోతూ వచ్చింది. చెయ్యి చాపినంత దూరం దాటితే మనిషెవరో పోల్చుకోలేకపోయేది. రంగులు మాత్రం మసకగా తెలిసేవి. ఆ కాస్త చూపు కూడా ఎండాకాలం దాటి ఉండదని కర్నూలులో కంటి డాక్టరు చెప్పేశాడు.

అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి, "కొండగోగులు పూసే కాలం ఇది. కండ్లు పోకముందే కొండెక్కి చూడాల" అంది. ఆకు లేని కొమ్మల నిండా పూసే ఆ పసుప్పచ్చని పూలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

అమ్మ వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంది. "పడితే పడతా. చూడకుండా మాత్రం ఉండను" అంది అక్క. ఆమె ఒకటి అనుకుంటే ఆ బ్రహ్మదేవుడు కూడా ఆపలేడని బావకు తెలుసు.

తెలతెలవారుతుండగా ఇద్దరమే బయల్దేరాం. అక్క నా కొంగు తన చేతికి చుట్టుకుంది. దారంతా రాళ్లూ ముళ్లూ. పడింది, మోకాలు చీరుకుపోయింది. వెనక్కి పోదామంటే నన్నే తిట్టింది. ఎండ ముదరకముందే పైకి చేరాం.

కొండ నెత్తిన ఎటు చూసినా పసుపే. కింద నల్లరేగడి చేలు, వాటి మధ్య వంకర్లు తిరిగిన కుందూ నది. అక్క ఒక కొమ్మ వంచి పూలకు ముఖం ఆనించింది. "పసుపు తెలుస్తాండాది గానీ, పువ్వు తెలీలేదే!" అని అప్పుడు ఏడ్చింది.

అప్పుడు చెట్ల అవతల ఒక అవ్వ కనిపించింది, చంకలో గంపతో. ఎండ ఎదురుగా ఉండి నాకు ముఖం ఆనలేదు. "ఏమిటికి ఏడుస్తాండావు తల్లీ?" అంది. అక్క చెప్పుకుంది. అవ్వ ఉన్నచోటే నిలబడి, గంపలోంచి ఒక పువ్వు తీసి పైకెత్తి, "ఇట్ల చూడు" అంది.

అక్క చూసింది. అంత దూరం నుంచి రేకులు ఐదని చెప్పింది, నడుమ నారింజరంగు పోగులని చెప్పింది. "అవ్వా, నీ గదవ మీద పచ్చబొట్టు కూడా కనపడతాండాది!" అని నవ్వింది. మంచి కళ్లున్న నాకు ఆమె గడ్డం మీద ఆ పచ్చబొట్టు కనిపించలేదు.

తిరిగి వస్తూ అక్క అలవాటుగా "పోయొస్..." అనబోయింది. అవ్వ మాట పూర్తి కానివ్వలేదు. "నాకాడ ఆ మాట చెప్పాకండి తల్లీ. ఊరికే దిగిపోండి" అంది.

అలా చెప్పకుండా లేచి వచ్చేది చావు జరిగిన ఇంటి నుంచే కదా! వెనక్కి తిరిగి చూస్తే పూలచెట్లే ఉన్నాయి.

కొండ కింద మేకల దొడ్డి దగ్గర ఒకామె మజ్జిగ ఇచ్చింది. ఆమెకు అవ్వ సంగతి, పచ్చబొట్టు సంగతి చెప్పాం. ఆమె ముఖం పాలిపోయింది. "పోయొస్తామని గాని చెప్పినారా?" అని గాభరాగా అడిగింది. అవ్వే వద్దన్నదని చెబితే ఊపిరి పీల్చుకుంది.

"మా అత్త. పోయినేడు ఆ కొండమీదే పానం ఇడిసింది. బతికున్నప్పుడు కూడా శానా మంచిది" అంది.

డాక్టరు మాట తప్పలేదు. ఎండాకాలం దాటకముందే అక్క చూపు పూర్తిగా పోయింది. అక్క ఊహించుకుందేమో, ఆ మేకలామె ఇంకెవరినో అనుకుందేమో అని నేను ఎన్ని రకాలుగానో సర్దిచెప్పుకున్నాను. కానీ అవ్వ గొంతు నేనూ విన్నాను.

అక్క మాత్రం నాతో వాదించదు. "నువ్వు నమ్మితే ఎంత, నమ్మకుంటే ఎంత? నా కొడుకు ముఖం కూడా మరిచిపోతాండా. ఆ అవ్వ ముఖం మాత్రం ఇప్పుడు కూడా కనపడతాండాది" అంటుంది.