పెద్దన్న ఇప్పించిన ఛాయ్

విశ్వవిద్యాలయంలో మొదటి రోజు నేను తరగతి గదిలో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. నన్ను పంతులనుకున్నారు. పంతులునే, అందులో అబద్ధం లేదు. కాకపోతే కేతేపల్లి దాపున ఒక చిన్న ఊళ్ళో అఆలు దిద్దించే పంతులును. నేను కూర్చోమని చెప్పకుండా పోయి వెనక బల్ల మీద కూర్చుంటే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. నా పక్కన కూర్చున్నవాడికి ఇంకా మీసం సరిగా రాలేదు.

ఆ వయసులో జీతం లేని సెలవు పెట్టి, పెళ్ళాం పిల్లను ఊళ్ళో వదిలి హైదరాబాదుకు ఎందుకు పోయానంటే, మా అమ్మాయి కోసం. మా ఊరి బడి ఐదో తరగతితో ఆఖరు. నేను బి.ఏ. పాసైతే హైస్కూల్లో ఉద్యోగం వస్తుంది, హైస్కూలున్న ఊళ్ళో కాపురం పెడతాము, పిల్ల మెట్రిక్ దాకా చదువుతుంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు, మూడో తరగతి. పద్మశాలీల ఇళ్ళలో ఆడపిల్లను అంత దూరం చదివించినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ పని నేనే మొదలు చేస్తానని నాకు మహా పొగరుగా ఉండేది.

లెక్క కూడా గట్టిగానే వేసుకున్నాను. చిట్టీ ఎత్తిన డబ్బు కాలేజీ జీతానికీ పుస్తకాలకూ సరిపోయింది. ఆ పైన నెలకు ముప్పై అయిదు రూపాయలు. అందులో ఇరవై ఇంటి దగ్గర నా భార్య మగ్గం నేసి పంపేది, పదిహేను నేను సాయంత్రాలు ఒక వకీలు పిల్లలకు పాఠాలు చెప్పి తెచ్చుకునేవాణ్ణి. గది కిరాయిలో నా వంతు, పూటకూళ్ళ భోజనం, సబ్బూ నూనే పోను నెలకు ఆరు రూపాయలు మిగలాలి. ఆ ఆరూ దాచుకుంటే చివరి పరీక్ష ఫీజు నాటికి ఎవరినీ అడగనక్కర్లేదు. కాగితం మీద ఇంత బాగా కుదిరిన లెక్క నేను బళ్ళో పిల్లలకు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

చెడగొట్టింది ఛాయ్.

కాలేజీ ఎదురుగా ఒక ఇరానీ హోటల్ ఉండేది. నా బల్ల మీద కూర్చునే కుర్రవాళ్ళు ముగ్గురు. ఒకడు దొరల ఇంటి పిల్లవాడు, ఇద్దరు ఉద్యోగస్తుల కొడుకులు. రెండో వారంలో నన్ను కూడా రమ్మన్నారు. తాగి లేచేటప్పుడు నేను నా పన్నెండు నయాపైసలు తీసి చేతిలో పట్టుకున్నాను. వాళ్ళు ముగ్గురూ జేబుల వైపు చెయ్యి పోనియ్యకుండా నిలబడ్డారు. దొరల పిల్లవాడు నవ్వుతూ, "అన్నా, నువ్వు పెద్దోనివి ఉండంగ మేమిచ్చుడేంది? మంచిగుంటదా?" అన్నాడు.

మన దగ్గర అంతే కదా. నలుగురు కూర్చుంటే పెద్దవాడు ఇవ్వాలి. చిన్నవాడు ఇస్తే పెద్దవాడి ముఖం పోతుంది. మా ఊళ్ళో కల్లు దగ్గరైనా, నకిరేకల్ బస్టాండులో ఛాయ్ దగ్గరైనా నేను చూసిందీ చేసిందీ అదే. ఆ మర్యాద జీతం ఉన్నవాడికి పెట్టిన మర్యాద అనీ, జీతం లేని సెలవులో ఉన్న విద్యార్థికి అది చెల్లదనీ నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాను. నాలుగు ఛాయ్‌లకు నలభై ఎనిమిది నయాపైసలు ఇచ్చాను.

ఆ రోజు నుంచి నేను 'అన్న'ను. వారానికి మూడుసార్లు అన్నను. హోటలు పనివాడు కూడా నన్ను చూసి, కౌంటర్ దగ్గర సేటుకు నావైపే చెయ్యి చూపించి బిల్లు కేకేసేవాడు. నెలకు ఆరు రూపాయలకు నాలుగణాలు తక్కువ. నేను దాచుకోవాల్సిన డబ్బంతా అదే. ఆ సంగతి నాకు తెలియక కాదు, లెక్కల పంతులును. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ మానేసిన మర్నాడు ఆ బల్ల మీద నేనెవరిని? ఇంగ్లీషు పద్యం చదవమంటే తడబడే ముసలి విద్యార్థిని. అన్నగా ఉన్నంతకాలం నా తడబాటుకు ఎవరూ నవ్వలేదు. పైగా తమ నోట్సు కూడా ఇచ్చేవాళ్ళు.

చివరి ఏడు పరీక్ష ఫీజు గడువు వారం ఉందనగా నా దగ్గర పదకొండు రూపాయలున్నాయి. కావలసింది ముప్పై అయిదు. సిగ్గు చంపుకొని హోటల్లో దొరల పిల్లవాణ్ణి అడిగాను. ఇంటి దగ్గర నుంచి నెలకు వంద వచ్చేది వాడికి. వాడు నా మొహం చూసి పగలబడి నవ్వాడు.

"ఏందన్నా, పరాచికమాడుతున్నవా? నీకేం తక్కువ? నౌకరీ ఉన్నోనివి. మేమే నిన్ను అడగాలె."

మిగతా ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది నాకు. వాళ్ళతో పాటు నేను కూడా నవ్వి, నాలుగు ఛాయ్‌లకు డబ్బులిచ్చి, అక్కడి నుంచి నేరుగా నకిరేకల్ బస్సెక్కాను.

ఇల్లు చేరేసరికి నా భార్య మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. సంగతి చెప్పాను. ఆమె పోగుల మధ్య ఆడుతున్న నాడె ఆపింది.

"నెలనెల పంపితిని గద. గవన్ని ఏడ పోయినయి?"

"పుస్తకాలు," అన్నాను.

నమ్మింది కాబోలు. పుస్తకం అన్నాక ఆమె దగ్గర ఎదురు మాట ఉండేది కాదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకొని నకిరేకల్‌లో మాకు నూలిచ్చే సావుకారి దగ్గరికి పోయింది. ఆయన అరవై రూపాయలు అడ్వాన్సు ఇచ్చాడు. బాకీ తీరేదాకా మగ్గం ఆయనకే నెయ్యాలి, నెలకు ఎనిమిది చీరెలు తప్పకూడదు, కూలిలో కొంత వడ్డీ కింద పట్టుకుంటాడు. అప్పటిదాకా ఆమె నెలకు నేసేది అయిదు. ఎనిమిది నెయ్యాలంటే మగ్గం ఆగకూడదు. ఆగకుండా ఉండాలంటే ఎప్పటికప్పుడు నూలు కండెలకు చుట్టి అందించే మనిషి కావాలి. ఇంట్లో ఉన్న మా అమ్మకు పడుగు సవరించే పనే సరిపోయేది.

దారిలో నా భార్య అన్నది, "పోరి జర కొన్నొద్దులు బడి బందు వెట్టాలె. కండెలు సుట్టెటోళ్ళు లేరు."

నేను పంతులును. బళ్ళో పిల్లలు మానేస్తే ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను తిట్టి తీసుకొచ్చినవాణ్ణి. 'కొన్నొద్దులు' అంటే ఎంతో నాకు తెలుసు. అయినా, "పరీక్షలయ్యేదాకనే కద," అన్నాను.

హైదరాబాదు తిరిగి వచ్చి ఫీజు కట్టాను. రసీదు జేబులో పెట్టుకొని బయటికి వస్తే వరండాలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. వాళ్ళూ కట్టారు. "ఫీజులు కట్టినం, ఇగ ఛాయ్ తాగాలె అన్నా," అన్నాడొకడు. పోయాము. ఇచ్చాను. సావుకారి డబ్బుతో, అంటే నా కూతురు చుట్టబోయే కండెల డబ్బుతో, నలుగురం ఛాయ్ తాగి బిస్కట్లు తిన్నాము. ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పాసయ్యాను, థర్డ్ క్లాసులో. ఉద్యోగం కాగితం రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అందాకా పాత బడి జీతం ఇంటి ఖర్చుకే సరిపోయి, కండెలు ఆగలేదు. మహబూబ్‌నగర్‌లో హైస్కూలు. మొదటి జీతాలతో సావుకారి బాకీ తీర్చి, ఇల్లు కిరాయికి తీసుకొని అందరినీ తీసుకొచ్చాను. నేను అనుకున్నదంతా జరిగినట్టే ఉంది. అమ్మాయికి పన్నెండేళ్ళు నిండాయి. పొడుగు సాగింది, ఓణీ వేసింది. కూడికలు తప్ప మిగతావన్నీ మరిచిపోయింది. అక్కడి ప్రైమరీ బడి హెడ్‌మాస్టరు దానితో నాలుగు ముక్కలు చదివించి చూసి, నా మొహం చూడకుండా, నాలుగో తరగతిలో కూర్చోబెట్టమన్నాడు.

రెండు రోజులు బడికి పోయింది. మూడో రోజు పలక వంటింట్లో పెట్టేసి పోనని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"అందరు గింతంత పోరగాండ్లు బాపూ. నేను పోతే లేసి నిలవడుతున్నరు. ఎనుకకెళ్ళి నవ్వుతున్నరు."

దాని పక్కన కూర్చున్నాను. నాకు తెలిసిన పాఠం అదొక్కటే కదా అనుకున్నాను. "నన్ను సూడు. ముప్పై రెండేండ్లకు పోరగాండ్ల నడుమ కూసోని సదివిన. సిగ్గుపడలే. నువ్వు పన్నెండేండ్లకే సిగ్గుపడితే ఎట్ల?"

అది నా వైపు తిరిగింది. ఎదురు చెప్పాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నిన్ను సూసి వాళ్ళు నవ్వలేదా బాపూ? ఎట్ల జేసినవు?"

నవ్వలేదని చెప్పాను. రెండో మాటకు నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేకపోయాను. బడికి వేళైతే సైకిలెక్కి ఊళ్ళోవాళ్ళ పిల్లలకు పాఠం చెప్పడానికి పోయాను. అది మళ్ళీ బడికి పోలేదు.