గట్టి నోటి పిల్ల

మౌలాలిలో నా ఇడ్లీ బండి దగ్గర, వరుస తప్పి ముందుకు తోసుకొచ్చిన పహిల్వాన్‌లాంటి మనిషిని మహెక్ అనే పిల్ల ఒక్క మాటతో వెనక్కి పంపింది. “ఏందన్నా, ఇడ్లీలు నీ ఒక్కని కోసమే ఉడికినయా?” నా నోటికి సరిజోడు దొరికిందనుకున్నాను. అయితే గెలిచిన ముచ్చట చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఎవరూ లేరు; పక్కనే ఉండి చూసిన నాకే మళ్లీ మళ్లీ చెప్పింది. యూనివర్సిటీలో చదువు, హాస్టల్లో ఒంటరి గది. తినడం అయిపోయినా ప్లేటు వదలదు. చట్నీ మరకను వేలితో గీస్తూ, గుంపులుగా పోయే పిల్లలను చూస్తూ నిలబడుతుంది. మొన్న జ్వరం వచ్చి చాలా రోజులు కనబడలేదు. బుగ్గలు పీక్కుపోయి వచ్చింది. “ఎవలన్న తలుపు కొట్టిన్రా బిడ్డా?” అని అడిగితే తల అడ్డంగా ఊపి, ప్లేటు నా చేతికిచ్చింది. “అవ్వా, మల్ల నేను రాకుంటే హాస్టల్‌కొచ్చి లొల్లి చెయ్యి. గేటు కాడ నా పేరు పెట్టి ఒర్రు.”