ఐదు క్వింటాళ్ల పడవ

మా నాన్నకు మదనపల్లె మార్కెట్లో టమోటా మండీ ఉండేది. మనుషుల్ని కూడా ఆయన తూకంతోనే అర్థం చేసుకునేవాడు. తొంభైల్లో ఒక వేసవి, నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు, ఇంటిల్లిపాదినీ కాటా ఎక్కించాడు. ఆ రోజు నేనన్న ఒక మాటకూ, ఆ తర్వాత చెప్పిన ఒక అబద్ధానికీ నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. సిగ్గు ఉందని రాసినంత మాత్రాన నన్ను మంచిదాన్ని అనుకోవద్దు.

మండీకి కేరళ నుంచి లారీ తెచ్చే డ్రైవరు ఒకాయన వచ్చీరాని తెలుగులో వాళ్ల ఊరి ఏటి గురించి చెప్పేవాడు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట వాళ్ల ఊరంట. దినానికి రెండుసార్లు సముద్రం పొంగి ఏట్లోకి ఎక్కుతుందంట, అప్పుడు ఏరు వెనక్కి పారుతుందంట. మళ్లీ నీళ్లు దిగిపోతే గట్టు పక్కన బురద బయటపడుతుందంట. మా ఊరి బాహుదా ఏట్లో ఇసుక తప్ప ఏమీ చూడని మేము ఆయన్ను ఎగతాళి చేశాము. నమ్మింది మా మేనత్త ఒక్కతే.

మేనత్త నాన్నకు చెల్లెలు. కుప్పం పక్క పల్లెకు ఇస్తే, మొగుడు వద్దన్నాడని రెండేళ్లకే పుట్టింటికి వచ్చేసింది. మా ఇంట్లో వంట ఆమెదే. సీజన్లో మండీలో కూర్చొని రైతులకు తూకం చీటీలు రాసేదీ ఆమే. మిగిలిన పొద్దంతా వరండాలో కుట్టుమిషన్ తొక్కేది. ఇది కావాలని ఏనాడూ నోరు తెరిచి అడగని మనిషి, ఆ డ్రైవరు వస్తే మాత్రం టీ ఇచ్చి మరీ ఏటి సంగతి చెప్పించుకునేది.

"ఏరు వెనక్కి వస్తే ఏల వచ్చినావని ఎవురూ అడగరు సూడు" అని ఒకసారి నాతో అని నవ్వింది. "నాకు సూడాలని ఉండాది పాపా. ఒక్కసారి సాలు."

నాన్న చుట్టూ తిరిగి తిరిగి ఆ ప్రయాణానికి ఒప్పించింది ఆమే. ఒప్పుకున్నాక అది నాన్న ప్రయాణం అయిపోయింది. పుంగనూరు నుంచి మా మామ, ఆయన భార్య వస్తారన్నాడు. కుప్పం నుంచి చిన్నాయన, చిన్నమ్మ అన్నాడు. నాన్న, అమ్మ, నేను, మా తమ్ముడు కలిస్తే ఎనిమిది. అత్తతో తొమ్మిది. పడవ ఆ డ్రైవరు తమ్ముడిదే. గంటసేపు ఏట్లో తిప్పి తీసుకొస్తాడు.

"ఎనిమిది మంది, తొమ్మిది మంది ఎక్కొచ్చు" అన్నాడు డ్రైవరు.

"మనుషుల లెక్క నాకొద్దప్పా. బరువు చెప్పు" అన్నాడు నాన్న. "మనిషికీ మనిషికీ తేడా ఉండదా?"

డ్రైవరు నవ్వి, తల గోక్కుని, ఐదు క్వింటాళ్లన్నాడు. అది దాటితే నీళ్లు దిగేటప్పుడు పడవ బురదకు తగులుకుంటుందన్నాడు. అడిగినందుకు ఏదో ఒకటి చెప్పాలని చెప్పిన అంకె అది. నాన్నకు మాత్రం అది పంచాంగం కన్నా ఎక్కువైంది.

ఏర్పాట్లు మాట్లాడుకుందామని ఒక ఆదివారం రెండు ఊళ్ల వాళ్లూ మా ఇంటికి వచ్చారు. భోజనాలు కాగానే నాన్న అందరినీ మండీకి తోలుకుపోయాడు. షట్టరు ఎత్తించి, కాటా పలక మీద దుమ్ము తుడిపించి, చెప్పులు విప్పి ఒక్కొక్కరే ఎక్కమన్నాడు. ఒకటే నవ్వులు. చిన్నాయన ఎక్కితే ముల్లు ఎగిరిందని గోల. తమ్ముడు రెండుసార్లు ఎక్కాడు. అంకెలు రాయడానికి అత్తనే కూర్చోబెట్టారు. ఎనిమిది మందిమీ నాలుగు క్వింటాళ్ల ఎనభై కేజీలు తూగాము.

చివర్న అత్త కలం పక్కన పెట్టి ఎక్కింది. డెబ్బై ఒకటి.

"మా ఇంటి బియ్యమంతా ఆ ముల్లులోనే కనిపిస్తాండాది" అంది మా అమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. నాన్న అత్తను దింపి, నడుముకున్న తాళాల గుత్తి తీయించి మళ్లీ ఎక్కించాడు. అది కూడా నవ్వించడానికే. టమోటాలు గ్రేడింగ్ చేసి ఏరేటప్పుడు పగిలినవీ మెత్తబడినవీ పక్కకు తోసేస్తారు, సాయంత్రానికి ఆవులు వచ్చి తినిపోతాయి. నేను ఆ కుప్ప పడే మూల చూపించి గట్టిగా అన్నాను: "అత్తా, గ్రేడింగ్‌లో పోయినావు! పో, ఆడ కూర్చో!"

అంతకుముందు నవ్విన నవ్వులు ఒక ఎత్తు, దీనికి నవ్వింది ఒక ఎత్తు. మామ నా వీపు తట్టాడు. అంతమందిని నవ్వించడం నాకదే మొదలు, ఒళ్లు పొంగిపోయింది.

అత్త కాటా మీద నుంచి దిగలేదు. నాన్న వైపు చూసి మెల్లగా అంది. "అన్నా, ఈ కాటా తక్కువ సూపిస్తాది గదా. యాభై కేజీలకు నాలుగు మింగేస్తాది. మీరు ఎనిమిది మందే ఐదు క్వింటాళ్లు దాటింటారు. నన్ను వదిలేసినా ఒకటే, పిల్చుకొని పోయినా ఒకటే."

నవ్వులు ఆగిపోయాయి. రైతుల సరుకు తక్కువ తూగేట్టు కాటాను తిప్పించింది నాన్నే. మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మామ ముందర, షట్టరు ఎత్తిన హమాలీ ముందర ఆమె అనేసింది.

"ఆ తూకాలకు చీటీలు రాసింది నువ్వే గదా" అన్నాడు నాన్న. "అప్పుడు నోరు యాడ పెట్టుకుంటివి? దిగు."

దిగింది. కావాలంటే పడవవాడు మనుషుల్ని రెండు తడవలుగా తిప్పుతాడని డ్రైవరు ముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను మానుకుంటానని నేనూ అనలేదు.

ప్రయాణానికి ముందు రెండు రోజులు అత్త కూర్చొని ఎనిమిది మందికీ బియ్యప్పిండి, బెల్లం కలిపి పెద్ద డబ్బా నిండా నిప్పట్లు కాల్చింది. మేము బస్సెక్కాము. పుంగనూరులో మామా వాళ్లు ఎక్కారు, కుప్పంలో చిన్నాయన వాళ్లతో కలిసి రైలెక్కాము.

పడవలో అరగంట బాగానే గడిచింది. నీళ్లు దిగడం మొదలైంది. పడవవాడు తిప్పే లోపలే అడుగున ఏదో రాసుకున్నట్టయి ఆగిపోయింది. అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, మా అన్న చెప్పిన బరువు ఇది కాదే అన్నట్టు చేతులు తిప్పాడు. బరువు తగ్గించమన్నాడు. మా నాన్న మొట్టమొదట ఎత్తి అవతల పడేసింది అత్త ఇచ్చిన నిప్పట్ల డబ్బా. పడవ కదల్లేదు. నీళ్లు పూర్తిగా పోయాయి. నాలుగైదు గంటలు ఎండలో, బురద మధ్యలో, తాగడానికి నీళ్లు లేకుండా కూర్చున్నాము. అమ్మ ఏడ్చింది. కాటా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత అది వచ్చింది. సముద్రం వైపు నుంచి సన్నగా, నురగ ముందు పెట్టుకుని, ఏరు వెనక్కి పారుతూ వచ్చింది. డబ్బాను కదిలించింది, పడవను ఎత్తింది. దాహం మర్చిపోయి చూశాను. అంత బాగున్నది నేను మళ్లీ ఏదీ చూడలేదు.

గట్టు మీద దిగుతూ నాన్న అన్నాడు. "ఇంటికాడ ఈ సంగతి ఎవురూ ఎత్తగూడదు."

ఇంటికి రాగానే అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. ముందు డబ్బా యాడ అని అడిగింది. రైల్లో మర్చిపోయినాము అన్నాను. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఏరు వెనక్కి పారిందా పాపా?"

పారిందని చెప్తే ఎట్లా చూశావు, ఎంతసేపు చూశావు అంటుంది, బురద సంగతి చెప్పాల్సి వస్తుంది. కాటా గురించి ఆమె చెప్పిందే నిజమైందని చెప్పాల్సి వస్తుంది.

"లేదత్తా. మామూలు ఏరే. ఆ డ్రైవరు కోతలు కోసినాడు."

"అట్లనా" అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

గ్రేడింగ్ అన్న మాట మాత్రం మా ఇంట్లో నిలిచిపోయింది. ఏ పెళ్లికి కారులో చోటు చాలకపోయినా ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్లు, అత్త తనంతట తానే దిగిపోయేది.

రెండు వేల సంవత్సరం దాటాక నాన్న పోయాడు, మండీ మూతపడింది. నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది, పాత కారు ఒకటి కొన్నాను. ఒక వేసవి మదనపల్లెకు పోయి, వరండాలో మిషన్ ముందు కూర్చున్న అత్తతో కేరళకు పోదాం రమ్మన్నాను. ఇద్దరమే, పడవలో అని చెప్పాను.

"ఆడ సూసేదానికి ఏముండాది? మామూలు ఏరే అంటివి గదా" అంది.

ఇంక దాచలేకపోయాను. బురద, డబ్బా, కాటా, వెనక్కి వచ్చిన నీళ్లు, అన్నీ చెప్పాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూనే విన్నది. కాటా దగ్గరికి వస్తే తల కూడా ఎత్తలేదు. నీళ్ల దగ్గర మాత్రం చేయి ఆగింది.

"నురగ ముందొచ్చిందా?"

"వచ్చిందత్తా."

"ఆ పొద్దే చెప్పింటే సాలు కదా పాపా" అంది. "నేను పోకపోయినా సాలు."

కారు ఎదురుగానే ఉంది, దాని వైపు చూడనైనా చూడలేదు. గుడ్డ సర్దుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.