పడికి ఎన్ని కిలోలు

మొన్న మా కోడలు ఫోన్‌లో చూసుకుంటూ వండుతూ, "అత్తమ్మా, రెండు కప్పుల బీన్స్ ముక్కలంటే ఎన్ని గ్రాములు?" అని అడిగింది. చిన్న ప్రశ్నే. నా ముఖం మాత్రం వేడెక్కింది. నాకు లెక్క రాదేమో అనుకుని ఆ పిల్ల మళ్ళీ అడగలేదు.

మాది వేలూరు దగ్గరి గుడియాత్తం. మా నాన్న ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఆంబూరు చెప్పులు కొత్తగా విదేశాలకు జోరుగా పోతున్న రోజులవి. ఆ కంపెనీలకు అట్టపెట్టెలు సరఫరా చేసే ఒకాయన వేలూరులో మేడ కట్టించాడు. మాలాగే తెలుగువాళ్ళు. పైకప్పు పోసిన రోజు పనివాళ్ళకు మా అమ్మ చేసిన సాంబారు రుచి చూసి, ఆయన భార్య గృహప్రవేశానికి అమ్మనే వండమంది. ఆ వారమంతా మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అమ్మ దేన్నయినా పడితోనే కొలిచేది. బియ్యం కొలిచే ఇనుప పాత్ర అది. తరిగిన కూరగాయలైనా అందులో పోసి చూస్తేనే ఆమెకు నమ్మకం. ఇంటామె మాత్రం, "కిలోల్లో చెప్పు మేస్త్రమ్మా, మార్కెట్టుకు మనిషిని పంపల్ల" అంది. పడి బియ్యం కిలోన్నర దాకా తూగుతుందని అమ్మకు తెలుసు. బీన్సుకూ క్యాబేజీకీ వేళ్ళ మీద అదే లెక్క కట్టి చెప్పేసింది.

గృహప్రవేశం నాడు గోనెసంచులు దిగుతుంటేనే అమ్మ ముఖం పాలిపోయింది. వంట అండాలు నిండాక కూడా కూరగాయలు మిగిలిపోయాయి. భోజనాలయ్యాక ఆ కుప్పను చూసి ఇంటామె చుట్టాలందరి ముందూ, "ఇంటికి ఎత్తుకుపోయేదానికే గదా ఇంత తెప్పించినావు? అడిగింటే ఇచ్చిందునే" అంది. నవ్వుతూనే అంది. చుట్టాలూ నవ్వారు.

"లేదమ్మా, లెక్క తప్పినాను" అంది అమ్మ. పక్కనే విస్తళ్ళు తీస్తున్న నాకు తప్ప ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఇంటామె ఓ సంచి నిండా క్యాబేజీ నింపి అమ్మ చేతికిచ్చింది. ప్రహరీ గోడ పని ఇంకా నాన్న చేతిలోనే ఉంది. ఆయన తల వంచుకున్నాడు. అమ్మ సంచి తీసుకుంది. గుడియాత్తం బస్సులో మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మరునాడు వీధి చివరి అంగట్లో అమ్మ పడినిండా బీన్స్ ముక్కలు పోసి తూకం వేయించింది. కిలో కూడా తూగలేదు. "బియ్యం మాదిరే అనుకుంటినే" అని అక్కడే చతికిలబడింది.

"నేను పోయి చెప్పొస్తా" అన్నాడు నాన్న.

"వొద్దు, ఊరుకోండి. ఇప్పుడు పోయి చెప్తే కత కట్టుకోని వచ్చినారంటారు."

పొరియల్, కూటు, వడ అంటూ ఎన్ని వేషాలు వేసి వచ్చినా మేం ఆ క్యాబేజీకి వంక పెట్టకుండా తిన్నాం. నాన్న గోడ పూర్తి చేశాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా అమ్మ పరాయి ఇంట వంటకు పోలేదు.

ఆ మాట అన్నావిడా పోయింది, పడినావిడా పోయింది. నాకు జుట్టు నెరిసింది గానీ, ఆ సిగ్గుకు మాత్రం ఇన్నేళ్ళయినా ఒక్క రోజు వయసు పెరగలేదు.