పిడుగుకి ఎవరూ నేర్పలేదట

డ్రమ్ములు వాయించే ఆవిడని అందరూ పిడుగు అంటారు. పేరుకు తగ్గ కోపమే. ఆ సాయంత్రం మాత్రం మండిపోయింది.

దానికి కారణం శాక్సఫోన్ ఆయన. ప్రతి కచేరీకీ మైకు పట్టుకుని, "ఈవిడ ఎక్కడా నేర్చుకోలేదండీ, పుట్టుకతోనే వచ్చింది" అంటాడు. పొగిడాననుకుంటాడు పాపం. వద్దని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే.

వీళ్ళు వాయించేది ఫ్రీ జాజ్, అంటే తాళం కట్టుబాటు లేని వాయింపు. ఆయన ఊపిరి పట్టి ఊదుతుంటే ఈవిడ లెక్కపెట్టదు. ఊపిరి ఎక్కడ తెగుతుందో చూసి అక్కడ తాళపుచిప్ప మీద చినుకులు రాలుస్తుంది, ఆయన ఎగబాకితే కింద పెద్ద డ్రమ్ముతో నేల కదిలిస్తుంది. వినేవాళ్ళకి చేతికొచ్చినట్టు బాదినట్టుంటుంది. చేతికి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో వాళ్ళకేం తెలుసు?

నేర్పింది మేనమామ. కవాతు బ్యాండులో డ్రమ్ము కొట్టినవాడు. మొదట్లో డ్రమ్ము ముట్టనివ్వలేదు, దిండు మీద వాయించమన్నాడు. దిండు మీద కర్ర తనంతట తాను ఎగరదు, మణికట్టే లేపాలి. దూది రేగి అమ్మ తిట్టేది. "లెక్క రానివాడు లెక్క వదిలేశానంటే నవ్వుతారే పిల్లా, వదలడానికి అది ముందు నీ దగ్గర ఉండాలిగా" అనేవాడు మామ.

ఆ మామ ఇవాళ ముందు వరసలో కూర్చున్నాడు. శాక్సఫోన్ ఆయన మైకు పట్టుకుని, ఎక్కడా నేర్చుకోలేదంటూ పాత పాటే అందుకున్నాడు.

పిడుగు లేచొచ్చి మైకు లాక్కుంది. "నాకు నేర్పింది అదిగో, మా మావయ్య. నేర్చుకోలేదన్న మాట ఈ పెద్దమనిషి నోట ఇంకోసారి వస్తే డ్రమ్ములు కూడా ఆయనే వాయించుకుంటాడు."

మైకు అక్కడే పెట్టేసి డ్రమ్ముల దగ్గరికెళ్ళింది. కూర్చుని, చిన్న డ్రమ్ము మీద సన్నగా, ఎక్కడా తెగకుండా కర్రలు దొర్లించింది, కవాతులో లాగా. ఆయన శాక్సఫోన్ నోట పెట్టుకుని నిలబడ్డాడు, దూరడానికి ఈవిడ సందే ఇవ్వలేదు. ఆ తర్వాతే ఆ దొర్లింపుని ముక్కలుచేసి హాలంతా విసిరింది.

అయ్యాక మామ దగ్గరికొచ్చి కూర్చుంది. మెచ్చుకుంటాడని చూసింది.

"చివర్లో కర్ర బిగించి పట్టావు" అన్నాడు.

"కోపమొచ్చింది మావయ్యా. ఇన్నేళ్ళ నీ కష్టాన్ని గాలికొదిలేస్తుంటే రాదా?"

"రానీ. మంచిదే. ఆ సంగతి చేతికెందుకు చెప్పావ్?"

ఆవిడకి ఇంకా మండింది. అయినా చెయ్యి చాపింది, ఎక్కడ బిగిసిందో మామ మణికట్టు పట్టుకుని చూడ్డానికి.