పెదవులతోనే మాట్లాడిన నడక

టవళ్లు నేసే కరెంటు సాంచాల నడుమ నేను ఛాతి పట్టుకొని కూలబడితే మా కార్ఖానాల ఒక్కడు గూడ కదలలే. పక్క సాంచ నడిపెటాయన చప్పట్లు గూడ కొట్టిండు. ముప్పై ఏండ్ల సంది అందర్ని నవ్వించి నేను సంపాయించుకున్న ఆస్తి అది. చెమటలకు అంగీ తడిసినంక గాని నమ్మలే, అప్పుడు ఆటోల ఏసుకొని ఉరికిండ్రు.

స్టెంటు ఏసిండ్రు, బతికిన. మా కార్ఖానా మాలక్ ఇంటికొచ్చి, "దవాఖాన నుంచి పని చెయ్యొచ్చని కాగితం తే, నీ రెండు సాంచాలు నీకే. కాగితం లేకుంటె ముట్టనియ్య" అన్నడు. ఆ కాగితం రావాల్నంటే కసరత్తు చేపిచ్చే ఫిజియో మేడం ఒప్పుకోవాలె. నా బిడ్డ వయసు మరాఠీ పిల్ల, మా తెలుగు గూడ వచ్చు.

"రోజు అర్ధగంట నడువాలె కాకా. నడుస్తుంటె మాట్లాడొస్తుండాలె. మాట రాకుంటె జోరు ఎక్కువైనట్టు, తగ్గించాలె."

"మాట్లాడుడే మందైతే, మేడం, మా ఇంట్ల గోదామే ఉన్నది" అన్న.

తెల్లారి నుంచే మొదలువెట్టిన. బీడీల చాట పక్కకు వెట్టి నా భార్య గూడ వచ్చేది. భవాని పేట్ల మా గల్లీ దాటి పెద్ద సడక్ దాంక పోయి మర్లొచ్చేటోళ్లం. నేను చెప్పుకుంట నడుస్తుంటి, ఆమె నా మొఖం దిక్కే చూసుకుంట జవాబిస్తుండె. నెల దాటేసరికి నా పక్కన నడువాల్నంటే ఆమె ఉరుకుడే అయింది. నా మీద నాకే ముచ్చటైంది.

పరీక్ష దినం దవాఖాన వరండాల ఆ కొస ఒక కుర్చీ, ఈ కొస ఒక కుర్చీ. నడుమ ఆరు నిమిషాలు ఆగకుంట తిరుగాలె. నా భార్య బెంచి మీద కూసున్నది. నా కాళ్లల్ల కరెంటు పారుతున్నట్టుండె.

"బోలత్ రహా, కాకా" అన్నది మేడం, మాట్లాడుతనే ఉండుమని. సర్రున లేసిన. మూడో చుట్టుల ఆమె చెయ్యి అడ్డం వెట్టింది.

"మాట్లాడుతలేరేంది?"

"మాట్లాడుతనే ఉన్న గద."

"పెదవులాడుతున్నయ్ కాకా. సప్పుడేది?"

బెంచి మీద నుంచే నా భార్య అందుకున్నది. "మాట్లాడిండు మేడం. పక్కింటోళ్ల మ్యాక గురించి చెప్తుండె, నేను విన్న."

అప్పుడు సమజైంది నాకు. కార్ఖానాల సాంచాల మోతకు గొంతు పనికిరాదు. పెదవులాడించే మాట్లాడుకుంటం. నా భార్య గూడ సాంచాల ఇంట్లనే పుట్టింది, మూతి చూస్తే ఆమెకు విన్నట్టే. ఊపిరి అందనప్పుడల్ల నా గొంతు బందైంది, పెదవులు మాత్రం డ్యూటీ చేసినయ్. నెల దినాలు ఇద్దరం గల్సి మోసపోయినం.

మేడం నవ్వలే. కాగితం మీద ఏందో రాసుకున్నది. నా రెండు సాంచాలు ఇంకొకని చేతులకు పోయినట్టే కండ్లల్ల కనబడ్డది.

"కూసోండ్రి. గుండె నిమ్మళమైనంక మళ్ల నడువాలె. జోరు తగ్గించి, నాకు వినబడేటట్టు."

ఈసారి నిదానంగ లేసిన. పోగు తెగితే ముడి ఎట్లేస్తరు, టవల్ మీద నెమలి ఎట్ల దిగుతది, గొంతెత్తి చెప్పుడు సురువు జేసిన. మొదట నా గొంతు నాకే కొత్తగ అనిపిచ్చింది. నాలుగో చుట్టుకు నర్సు ఫైలు పట్టుకొని నిలబడ్డది. వార్డుల ఉన్న ముసలాయన తలుపు కాడికొచ్చి, "నెమలికి తోక ఎన్ని రంగులల్ల నేస్తరు?" అని అడిగిండు. నడుసుకుంటనే జవాబు చెప్పిన. మాట తెగుతలేదు, ఊపిరి ఎగబోస్తలేదు. కూలబడ్డ దినం సంది ఛాతి మీద చెయ్యి వెట్టుకొనే తిరుగుతుంటి. ఆ చెయ్యి ఎప్పుడు తీసి గాల్ల ఊపుతున్ననో తెల్వలే. "అయిపోయింది, ఆగండ్రి" అని మేడం అన్నా ఇంకో చుట్టు కొట్టిన.

కాగితం చేతికొచ్చింది. ఇప్పటికి ఒక్క సాంచనే, బరువులెత్తొద్దు, నడక ఆపొద్దు. ఒక్కటైతేంది, సాంచ సాంచనే. గేటు కాడ నా భార్య ముంగట కాగితం ఆడించిన.

"చూసినవా, ఆరు నిమిషాలు ఆపకుంట మాట్లాడి తెచ్చిన."

ఆమె కొంగు సదురుకున్నది. "మేడం ఆరు నిమిషాలకే రాసిచ్చి పంపింది. నేను ముప్పై ఏండ్ల సంది వింటున్న. రేపే పో సాంచ కాడికి, ఆడైతే నీ మాట వద్దనుకున్నోళ్లు మొఖం తిప్పుకుంటే సాలు."