నాలుగో జ్వరం నాడు కళవార దుర్గం

మా చింతామణి చుట్టూ కొండలకు కొదవ లేదు. అయినా చిక్కబళ్ళాపురం దగ్గరి కళవార దుర్గమే ఎక్కాలని స్నేహితుడు నారాయణప్ప పట్టుబట్టాడు. అతను జంగమకోటెలో పట్టుపురుగులు, మావైపు మాటలో రేష్మె పురుగులు, సాకే రైతు. వాటి మేతకు పెంచే మల్బరీ తోటలో నిలబడితే పడమటి దిక్కున ఆ కొండల వరుస కనిపిస్తుంది. చిన్నప్పటినుంచి చూడటమే గాని ఎక్కింది లేదు. యుద్ధం వచ్చి విమానాలనుంచి దూకే గాలిగొడుగులకని పట్టుకు గిరాకీ పెరిగాక అతనికి ఊపిరి తిప్పుకునే తీరికే లేదు. పురుగులు పగలూ రాత్రీ మేస్తూనే ఉంటాయి. అవి మేత మానేది పొర విడిచేటప్పుడే. పంటకు నాలుగుసార్లు అలా తలలెత్తుకుని కదలకుండా ఉండిపోతాయి. దాన్నే మావైపు జ్వరం అంటారు. ఆఖరిదైన నాలుగో జ్వరం ఒక రోజు పైనే ఉంటుంది. రేష్మె రైతుకు సెలవంటూ ఉంటే అదొక్కటే. "పురుగులు నాలుగో జ్వరానికి పోతాండాయి, ఆ దినమే పోదామప్పా" అని పోయిన కార్తీకంలో కబురు పంపాడు. మా ప్రయాణానికి ముహూర్తం అలా పురుగులు పెట్టాయి.

చింతామణిలో తెల్లవారే పొగబండి ఎక్కాము, నేనూ మా స్కూలు మేష్ట్రు శేషప్పా. నేను జవళి అంగడి నడిపేవాణ్ణి, కూర్చుని కూర్చుని ఒళ్ళు పెరిగినవాణ్ణి. శేషప్ప పుల్లలా ఉంటాడు గాని మాటలు మాత్రం పర్వతాలంత. శిడ్లఘట్టలో నారాయణప్ప ఎక్కాడు, నల్ల గొంగడి, చిత్రాన్నం మూటతో. ఈ చిన్న రైలుకు తొందర అనేది తెలియదు. కానీ టిక్కెట్టు అణాల్లోనే అయిపోతుంది, దారి పొడుగునా కొండలు చూసుకుంటూ పోవచ్చు. ఆ రోజు మాత్రం కొండలకు బదులు మబ్బు కమ్మిన మోడమే కనిపించింది. మదరాసు వైపు తుపాను లేచిందని బండిలో అందరూ అనుకుంటున్నారు.

చిక్కబళ్ళాపురం స్టేషను బయట జట్కాలు దొరుకుతాయి. కొండ కింది ఊరిదాకా బేరం ముందే మాట్లాడుకోవడం మంచిది. మా జట్కా ఆయన గుర్రాన్ని అదిలిస్తూ వెనక్కి తిరిగాడు.

"ఈ గాలికి కొండ ఎందుకెక్కుతారప్పా? ఇంట్లో చెప్పే వచ్చినారా?"

"చెప్పినాము. వద్దన్నారు. వచ్చేసినాము" అన్నాడు శేషప్ప. జట్కా ఆయన నవ్వి, గుర్రం మీది గోనెపట్టా సర్దాడు.

మొదటి సగం దారి పొదలు, బోదగడ్డి. ఆ తర్వాత నున్నటి బండలు, మధ్యమధ్య కూలిన కోటగోడలు. నేను పది అడుగులకొకసారి ఆగి దారి చూస్తున్నట్టు నటించాను. నారాయణప్ప మాత్రం మేకలాగా ఎక్కుతున్నాడు. అంత సంతోషంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక కోటగోడ చాటున చిత్రాన్నం తిన్నాము. చేతులు కడుక్కునే లోపలే గాలి లేచి, సన్నటి జడి ముఖాన సూదుల్లా కొట్టింది. శేషప్ప విప్పిన గొడుగు రెండుసార్లు తిరగబడి లోయలోకి ఎగిరిపోయింది. ముగ్గురం ఒక బండ కిందికి దూరి ఒకే గొంగడి కప్పుకున్నాము. మోడం కాస్త విడిపోతే కొండ కొనమీది గుడి కనిపించింది. ఇంకొక్క ఎక్కుడే మిగిలింది.

నారాయణప్ప గుడి వైపు చూడలేదు. తూర్పుకు తిరిగి నిలబడ్డాడు.

"ఏమప్పా, భయమైందా?" అని అడిగాను.

"కొండకు కాదప్పా. మా పక్క వాన కొడ్తాండాది చూడు. సాయంత్రానికి పురుగులు జ్వరం విడిచి లేస్తాయి. లేచిన పురుగు ఆకలికి ఆగదు. తోటలో ఆకంతా తడిసిపోతాంటాది. తడాకు తింటే రోగమొచ్చి తట్టలకు తట్టలే పోతాయి. ఇంట్లో ఆమొక్కతే ఉండాది." భార్య ముద్దమ్మ గురించి చెబుతున్నాడు. "మీరిద్దరూ పైకి పోండప్పా. నేను దిగతా."

"ఎక్కాలని పట్టుబట్టింది నువ్వు. నువ్వు లేకుండా మేం పైకి పోయి ఏం చేసేది?" అని శేషప్ప ముందుగా దిగడం మొదలుపెట్టాడు.

దిగడం కాదు, జారడమే. పంచె వెనకభాగం బండలకే సమర్పించాను. పొగబండి అందుకుని శిడ్లఘట్టలో దిగి, జంగమకోటె పోయే ఎద్దులబండి పట్టుకున్నాము. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాము.

అతను కాళ్ళు తుడుచుకుని నేరుగా పురుగుల గదిలోకి పోయాడు. తట్టల్లో పురుగులన్నీ తలలెత్తుకుని అలాగే ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు. గది చల్లగా ఉంది, వెచ్చదనానికి ఎప్పుడూ పెట్టే కుంపటి కనబడలేదు.

"కుంపటి యాడ?" అన్నాడు.

"ఆర్పేసినా" అంది ముద్దమ్మ.

"ఈ చలిలోనా!"

"వెచ్చగుంటే పొద్దు గూకేలోపలే లేస్తాయి కదా. చలికైతే ఒక పూట ఆలస్యమైతాది. నువ్వు నిదానంగా పైదాకా పోయొస్తావని ఆర్పినా. పొద్దున్నే మోడం చూసి పక్కింటోళ్ళతో ఆకు కూడా కోయించి పెట్టినా, తడవలేదు." ఆమె మా ముఖాలు చూసింది. "పోయినావా పైకి?"

"లేదు. ఇవి లేస్తాయని మధ్యలోనే దిగొచ్చినా."

ముద్దమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయితే ఇంకో పంటకు మళ్ళా ఆర్పాల్నా నేను?"

నారాయణప్ప కుంపటి తెచ్చి బొగ్గులు వేసి, ఆమె పక్కనే కూర్చుని ఊదాడు. ఆ పొగలో అతని కళ్ళు ఎర్రబడ్డాయి, పొగకేనని మేమూ ఒప్పుకున్నాము. వేడి రాగిముద్ద, అనపగింజల పులుసు తిని అక్కడే పడుకున్నాము. పొద్దున లేచేసరికి పురుగులు పొడి ఆకు మేస్తున్నాయి.

కళవార దుర్గం మీదినుంచి ఏమేం కనిపిస్తాయని నన్ను అడగకండి, నేను చూడలేదు. అయినా ఆ ప్రయాణం వృథా పోయిందని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. ఒకరు కొండ వదులుకుని వచ్చారు, ఇంకొకరు కొండ కోసం కుంపటి ఆర్పారు. ఇద్దరి మధ్య తడిసి ముద్దయిన మాకు కడుపు నిండింది, మనసూ నిండింది. పోయేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. చలికాలపు జడిలో ఆ బండలు ఎక్కడానికన్నా దిగడానికే ఎక్కువసేపు పడుతుంది. అందుకని బయలుదేరేముందు ఇంట్లోవాళ్ళను ఎప్పుడు తిరిగి రావాలని అడగకండి, ఎంతసేపు ఉండి రావచ్చని అడగండి.